తెల్లకోటులో మేస్త్రీ

సోమవారం. ఉదయం 8:10.

కీరా తోటలో, ప్లాస్టిక్ కప్పిన ఒకటో పాలీహౌస్‌లో, ఏడో వరసకీ ఎనిమిదో వరసకీ మధ్య, కూలీలను నడిపించే మేస్త్రీ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒంటిమీద తెల్లకోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు. మూతి పక్కన నురగ ఎండి చారిక కట్టింది. చుట్టూ నిలువెత్తు కీరా తీగలు, తమకేమీ తెలియదన్నట్టు పచ్చగా నిలబడి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే, శవానికి నాలుగడుగుల దూరంలో ఆగింది. పదహారేళ్ళ సర్వీసులో ఆమె చూసిన శవాలు తక్కువేం కాదు. అయినా ఈ పాలీహౌస్ ఉక్కలో ఆమె చూపు ఆ మొహం మీదే నిలిచిపోయింది. ఆ మనిషి కళ్ళలో ఏదో తేడా ఉంది. కంటిపాపలు సూదిమొన అంత ఉన్నాయి.

"అక్కడే ఆగండి మేడం. బూట్లు ట్రేలో ముంచి, తెల్లకోటు వేసుకుంటేనే లోపలికి," అంది వెనకనుంచి ఒకావిడ.

ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. మెడలో తాడుకు భూతద్దం వేలాడుతోంది. కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచాయి. అయినా మాటలో మాత్రం ఎక్కడా సడలింపు లేదు. తోటలో అందరూ ఆమెను నల్లులమ్మ అంటారట. ఇక్కడ నల్లులను పెంచే గది ఆమెది.

ఇన్‌స్పెక్టర్ వెనకే ఉన్న హెడ్ కానిస్టేబుల్ ఆ మాట విని నోరు వెళ్ళబెట్టాడు. బారక్స్ మంచాల్లో నల్లులతో తాను ముప్పై ఏళ్ళు యుద్ధం చేశాననీ, వాటిని పెంచేవాళ్ళుంటారని ఇవాళే వింటున్నాననీ అన్నాడు. పెద్దాయన. ఇన్‌స్పెక్టర్‌కు ఉద్యోగంలో ఓనమాలు దిద్దించింది ఆయనే. నలుగురిలో "మేడం" అంటాడు. ఎవరూ లేనప్పుడు "అమ్మాయ్" అంటాడు. ఆమెకు ఆయన ఎప్పుడూ బాబాయే.

నల్లులమ్మ నవ్వలేదు. మంచంలో నల్లులు వేరు, ఇవి వేరని చెప్పింది. తెగులు తెచ్చేది ఎర్రనల్లి. ఆకు వెనక గూడు అల్లి రసం పీల్చేస్తుంది. దాన్ని పట్టి తినేది వేటనల్లి. రెండూ కంటికి సరిగ్గా ఆనవు. చిన్న చిన్న కాగితం పొట్లాల్లో వేటనల్లులను పెట్టి తీగలకు తగిలిస్తే అవే బయటికొచ్చి పని చూసుకుంటాయి. పదకొండేళ్ళుగా ఈ తోటలో పురుగుమందు అన్న మాటే లేదు.

అప్పుడే యజమాని వచ్చాడు. బూట్లు ముంచలేదు, కోటు తొడగలేదు. ఫోన్‌లో మాట్లాడుతూ తిన్నగా లోపలికి నడిచాడు. నల్లులమ్మ కసిరింది. ఆయన నాలిక కరుచుకుని వెనక్కి వెళ్ళాడు. జీతం ఇచ్చేది తనైనా తిట్లు తినేది కూడా తనేనని గొణుక్కున్నాడు.

8:50. పోలీసు డాక్టర్ శవాన్ని చూశాడు. చనిపోయింది నిన్న సాయంత్రం నాలుగుకూ ఆరుకూ మధ్య. గుండెపోటు కాదు.

"పురుగుమందు. తాగలేదు, పీల్చాడు. చొక్కా కూడా తడిసింది. వాసన చూడండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వంగింది. చొక్కా గుప్పున కొట్టింది. తెల్లకోటు మాత్రం ఉతికి మడతపెట్టిన వాసన వేస్తోంది. ఆ సంగతి ఆమె గమనించింది. కానీ అదేమిటో ఆలోచించేలోపే శవాన్ని మొదట చూసిన మనిషిని తీసుకొచ్చారు.

మేస్త్రీ బావమరిది. కోతపని చేస్తాడు. మనిషి గడగడ వణుకుతున్నాడు. ఏడు గంటలకు ఒకటో హౌస్ తలుపు తీశానని, బావను చూశానని, ఆ తరవాత రెండుసార్లు వాంతి చేసుకున్నానని చెప్పాడు. కళ్ళవెంట ధారగా నీళ్ళు. అయినవాడు పోతే ఎవరికైనా అంతే కదా అనుకుంది ఇన్‌స్పెక్టర్.

"నిన్న ఆదివారం. మీ బావ ఎందుకొచ్చాడు?"

"తెలీదండి. మధ్యాహ్నం అన్నం తిని బయల్దేరాడు. చిన్న పని, గంటలో వస్తానన్నాడు. రాత్రికి రాకపోతే తోటలోనే పడుకున్నాడనుకున్నాం."

"ఒకటో హౌస్‌లో పనా?"

"అయ్యుండదండి," అని బావమరిది తల అడ్డంగా ఊపాడు. "ప్యాకింగ్ షెడ్‌లో పెట్టే మూడో హౌస్ రిజిస్టర్‌లో ఆయన సంతకం ఉంది. నాలుగూ అయిదుకి. మూడులోకి వెళ్ళినవాళ్ళు ఆ రోజు మళ్ళీ ఒకట్లోకి రాకూడదు."

అది ఈ తోట కట్టుబాటు. ఒకటి, రెండు, మూడు. ఆ వరసలోనే వెళ్ళాలి. ఒకటో హౌస్ శుభ్రమైనది, అక్కడ తెల్లకోటు. రెండోదానికి పసుపుకోటు. మూడోదాంట్లో ఎర్రనల్లి ఉంది, దానికి నీలంకోటు. మూడునుంచి ఒకటికి వెనక్కి వస్తే బట్టలకూ బూట్లకూ అంటుకుని తెగులు పాకిపోతుంది. వరస తప్పినవాడికి పనిలో ఆ రోజే చివరి రోజు.

"మా బావ పదకొండేళ్ళలో ఒక్కసారి వరస తప్పలేదండి," అన్నాడు బావమరిది. అన్నాక ఎందుకో చూపు దించుకున్నాడు.

9:20. ఇన్‌స్పెక్టర్ నల్లులమ్మను సూటిగానే అడిగింది. ఈ హౌస్‌లో మందు కొట్టారా?

నల్లులమ్మ ఒక ఆకు తుంచి, వెనక్కి తిప్పి, మెడలోంచి భూతద్దం తీసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది. ఇన్‌స్పెక్టర్ కన్ను పెట్టింది. మొదట ఏమీ కనిపించలేదు. తరవాత నూనెబొట్టులా మెరుస్తూ ఒకటి పరిగెత్తింది. దాని వెనకే ఇంకోటి.

"పరిగెత్తేది మనది. తీరిగ్గా కూర్చునేది దొంగది," అంది నల్లులమ్మ. "మందు చుక్క పడితే ముందు చచ్చేవి మనవే మేడం. ఎర్రనల్లి మందులకి ఎప్పుడో అలవాటు పడిపోయింది. మామూలు మోతాదుకి దానికేం కాదు. ఇవి బతికున్నాయంటే ఇక్కడ మందు పడలేదు. నన్ను నమ్మకపోయినా వాటిని నమ్మండి."

ఇన్‌స్పెక్టర్ నమ్మింది. భూతద్దం తిరిగివ్వడం మరిచిపోయి జేబులో వేసుకుంది.

9:40. ప్యాకింగ్ షెడ్. యజమాని మర్యాదకు బుట్టలోంచి కీరాలు తీశాడు. కడగక్కర్లేదు, తుడిచి తినెయ్యండి, మా తోట ప్రత్యేకతే అది అన్నాడు. తను మాత్రం ముట్టలేదు. పదిహేనేళ్ళుగా తిని తిని వాటి మొహం చూస్తేనే విరక్తి పుట్టిందట. హెడ్ కానిస్టేబుల్ ఒకటి నమిలి, బాగుందని రెండోది అందుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఒక ముక్క కొరికింది. అంతలో ఫోన్ మోగింది. మిగిలిన కీరాను కర్చీఫులో చుట్టి జేబులో పెట్టుకుని బయటికి నడిచింది.

గంటన్నర విచారణ. ఆఫీసు కాగితాలు, గేటు పుస్తకం, ఇద్దరు వాచ్‌మన్లు. అంతా పొంతన లేని మాటలు. ఆదివారం గేటు దాటినవాళ్ళు ఇద్దరే. మేస్త్రీ, నల్లులమ్మ. తన నల్లులకు సెలవులుండవని, ఆదివారమూ రావాల్సిందేనని నల్లులమ్మ చెప్పింది. నాలుగున్నరకు వెళ్ళిపోయానంది. గేటు పుస్తకంలో ఆమె బయటికి వెళ్ళిన టైం రాయలేదు. మేస్త్రీదీ రాయలేదు.

11:05.

"అమ్మాయ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

చుట్టూ జనం ఉండగా ఆయన ఎప్పుడూ అలా పిలవలేదు. ఇన్‌స్పెక్టర్ తల తిప్పి చూసింది. ఆయన కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుంది. నోట్లోంచి చొంగ కారుతోంది. తుడుచుకోవాలని చెయ్యి ఎత్తబోయాడు, అది సగంలోనే పడిపోయింది.

ఆమె ఆయన గడ్డం పట్టుకుని మొహం ఎత్తింది.

కంటిపాపలు సూదిమొన అంత ఉన్నాయి.

ప్రాణం పోయిన కళ్ళలో పొద్దున్న చూసింది ఇదే. ఇప్పుడు బాబాయ్ కళ్ళలో చూస్తోంది. ఆయన తిన్నది రెండు. తను కొరికింది ఒక ముక్క. నాలిక మీద నీళ్ళూరుతున్నాయా? అది విషమా, భయమా? తెలుసుకునే దారి లేదు. ఆమె చేతులు వణికాయి. ఆ వణుకు ఎవరికీ కనబడకుండా పిడికిళ్ళు బిగించింది.

11:12. అంబులెన్స్ బయల్దేరింది. ఆసుపత్రి డాక్టర్ ఫోన్‌లో తొందరగా మాట్లాడాడు. మొదటి ఇంజెక్షన్ అన్నిటికీ ఒకటే, అది ఇచ్చేస్తాం. రెండోది మాత్రం ఏ పురుగుమందో దాన్నిబట్టి ఉంటుంది. ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి పనికిరాదు. పేరు కావాలి. గంటలోపు కావాలి.

ఇన్‌స్పెక్టర్ యజమానివైపు తిరిగింది. ఇవాళ కోసిన కీరాలు ఎక్కడికెళ్ళాయని అడిగింది.

ఆయన మొహం తెల్లబోయింది. ఆరూ నలభైకి లారీ వెళ్ళింది. నలభై బుట్టలు. పిల్లల హాస్టల్ వంటశాలకు. రెండువందల పధ్నాలుగు మంది పిల్లలు. పన్నెండున్నరకు భోజనం.

హాస్టల్ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. అక్కడి స్టేషన్‌కు చేసింది. జీపు బయట ఉంది, మోటార్‌సైకిల్ మీద మనిషిని పంపుతామన్నారు. దారి గతుకులట, నలభై నిమిషాలైనా పడుతుందట. ఆమె గడియారం చూసుకుంది. 11:24.

ఇక చేయగలిగింది ఒక్కటే. ఆ మందు పేరు కనుక్కోవాలి.

జేబులో చెయ్యి పెట్టింది. కర్చీఫు తగిలింది. దానిపక్కనే భూతద్దం.

బల్ల మీద కర్చీఫు విప్పింది. కొరికిన కీరాను చూడాలంటేనే ఒళ్ళు జలదరించింది. దాన్ని తిప్పి, తొడిమ దగ్గర భూతద్దం పెట్టింది. సన్నటి గూడు. అందులో ఎర్రటి చుక్కలు తీరిగ్గా కూర్చుని ఉన్నాయి. వాటి పక్కన తెల్లటి పొట్టులా ఏవో ముడుచుకుపోయి పడి ఉన్నాయి. పరిగెత్తేది ఒక్కటీ లేదు.

బావమరిదిని అడిగితే రెండో హౌస్‌లో కోశానన్నాడు. ఆమె పసుపుకోటు తగిలించుకుని రెండో హౌస్‌లోకి పరుగెత్తింది. మూడు ఆకులు తుంచి చూసింది. మూడింటిలోనూ పరుగులే. ఈ కాయ ఇక్కడిది కాదు.

మిగిలింది మూడో హౌస్. దానికి తాళం వేసి ఉంది. పైన అట్టముక్క మీద రాసి ఉంది: ఎరువు పని, పదిహేను రోజులు ఎవరూ రాకూడదు.

యజమాని ఆఫీసులోంచి ఇంకో తాళంచెవి తెచ్చాడు. ఆ అట్ట సంగతి తనకు తెలియదన్నాడు. ఇన్‌స్పెక్టర్ చేతులకు తొడుగులు వేసుకుని, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళింది. మేస్త్రీ చొక్కాకు ఉన్న వాసనే ఇక్కడ హౌస్ నిండా ఉంది. తలుపు పక్కన స్ప్రేయర్ డబ్బా. దాని పక్కన బుట్టలో నీలంకోటు, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఒక ఆకు తుంచుకుని బయటపడింది. బయట మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి ఆకు వెనక భూతద్దం పెట్టింది. పరిగెత్తేది ఒక్కటీ లేదు.

11:41. మూడో హౌస్ తలుపు ముందు ముగ్గురు. యజమాని. బావమరిది. నల్లులమ్మ.

"టైం లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "నేను చెప్తాను, మీరు వినండి. మేస్త్రీ పోయింది ఒకటో హౌస్‌లో కాదు. అక్కడి వేటనల్లులన్నీ బతికే ఉన్నాయి. ఈ మూడో హౌస్‌లో ఒక్కటి కూడా లేదు. నిన్న నాలుగూ అయిదుకి ఆయన నీలంకోటు వేసుకుని ఇక్కడ మందు కొట్టాడు. తలుపులు మూసి, మాస్కు లేకుండా. ఇక్కడే పడిపోయాడు. తరవాత ఎవరో కాయల బుట్టలు మోసే కోతబండి మీద ఒకటికి చేర్చారు. ఎవరు?"

జవాబు కోసం ఆమె ఆగలేదు.

"ఆయన చొక్కా మందు కంపు. పైన కోటు మాత్రం శుభ్రం. అంటే పోయాక కోటు మార్చారు. ఎందుకు మార్చాలి? శవాన్ని దాచేవాళ్ళకి కోటుతో ఏం పని? నీలంకోటు చూస్తే మూడో హౌస్ గుర్తొస్తుందనా? అలా అనుకున్నవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం కూడా చింపేసేవాళ్ళు. అది చింపలేదు. బుద్ధితో చేసిన పని కాదది. చెయ్యి అలవాటుకొద్దీ చేసింది. మనిషి పోయినా, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బండి తోస్తున్నా, నీలంకోటుతో ఒకట్లోకి వెళ్ళకూడదు. ఎర్రనల్లి వెళ్తుంది."

ఆమె యజమానిని చూసింది. పొద్దున్న ఈయన బూట్లయినా ముంచకుండా ఒకట్లోకి నడిచాడు. శవానికి కోటు మార్చే మనిషి కాదు. బావమరిదిని చూసింది.

"నువ్వు పొద్దున్న ఎక్కడ కోశావు? నిజం చెప్పు. అక్కడ పిల్లలు పళ్ళేలముందు కూర్చోబోతున్నారు."

బావమరిది మోకాళ్ళమీద కూలబడ్డాడు. లారీ ముందే వచ్చేసిందని, బుట్టలు చాల్లేదని, మూడో హౌస్‌లో కాయలు ముదిరిపోతున్నాయని చెప్పాడు. ఇంట్లో బావ పెట్టుకునే తాళంచెవి తెచ్చి అయిదూ నలభైకి తెరిచాడు. మసకచీకట్లో అట్ట చూడలేదు. వాసనేదో వచ్చింది, ఎరువనుకున్నాడు. కోసేశాడు. తరవాత ఏడింటికి ఒకటో హౌస్ తీశాడు.

"వరస తప్పానండి. తెలిస్తే పని తీసేస్తారని రెండో హౌస్ అన్నాను," అన్నాడు.

నల్లులమ్మ అతన్ని చూస్తోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కోశావా?" అంది. "మూడులో కోశావా? నేను తాళం వేశాను కదరా. అట్ట కట్టాను కదా. పదిహేను రోజులు ఎవరూ ముట్టుకోకూడదనే కదా కట్టింది. ఎవరు తిన్నారు? ఆ పెద్దాయన తిన్నది అదేనా?"

"ఆయన తిన్నారు. నేను కొరికాను. నలభై బుట్టలు పిల్లలకి వెళ్ళాయి," అంది ఇన్‌స్పెక్టర్. "ఏం మందు?"

నల్లులమ్మ మందు పేరు చెప్పింది. ఎంత కలిపారో కూడా చెప్పింది. ఎర్రనల్లి మామూలు మోతాదుకు చావదని, డబ్బా మీద రాసినదానికి నాలుగింతలు. ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో ఆ పేరు అక్షరం అక్షరం ఆసుపత్రికి అందించింది. 11:49. బావమరిదిని కూడా జీపు ఎక్కించి పంపింది. పొద్దున్నుంచీ అతని కళ్ళవెంట కారినవి ఒట్టి దుఃఖం కాదని ఇప్పుడు అర్థమైంది.

ఆ తరవాత నల్లులమ్మ ఆగకుండా మాట్లాడింది. ఈ ఎండలకు మూడో హౌస్‌లో గాలి ఎండిపోయింది. తేమ లేకపోతే వేటనల్లి గుడ్లు పిల్లలవవు. ఎర్రనల్లికి అదే పండగ. సోమవారంకల్లా తెగులు తగ్గకపోతే నల్లుల గది మూసేస్తానని యజమాని గడువు పెట్టాడు. పదకొండేళ్ళ గది. భయం వేసింది. ఒక్కసారికి, ఒక్క హౌస్‌కి అని మేస్త్రీని బతిమాలింది తనే. మందు తెచ్చింది తనే. మందే లేని తోటలో మాస్కులెందుకుంటాయి? ఆయన మూతికి తువ్వాలు చుట్టుకుని, నువ్వు బయటే ఉండు అక్కా అని లోపలికెళ్ళాడు. ఇరవై నిమిషాలు చూసింది. తలుపు తీసేసరికి అయిపోయింది.

"నేను చంపలేదు మేడం. కానీ లోపలికి పంపింది నేనే."

"ఒకట్లోకే ఎందుకు తీసుకెళ్ళావు?"

"అక్కడ పడుంటే గుండె ఆగిందనుకుంటారని. ఇంకోటి కూడా. పొద్దున్న మొదట తెరిచేది ఒకటో హౌసే. మూడులో వదిలేస్తే, తాళం వేశాక, పదిహేను రోజులు ఆయన్ని ఎవరూ చూడరు. అలా వదల్లేకపోయాను."

12:00. 12:10. ఫోన్ మోగలేదు. ఇన్‌స్పెక్టర్ ప్యాకింగ్ షెడ్ గోడకు ఆనుకుని నిలబడింది. పోలీసు బుర్ర పని చేయడం మానేసి ఎంతసేపైందో ఆమెకు తెలియదు. రెండువందల పధ్నాలుగు పళ్ళేలు కళ్ళముందు కదులుతున్నాయి. ఒక్కో పళ్ళెం పక్కన ఒక చిన్న చెయ్యి. నోట్లో ఉమ్మి మింగుకుంటూ, అది ఎక్కువైందా తక్కువైందా అని లెక్క చూసుకుంటోంది. ఇంత భయం ఆమె ఎన్నడూ పడలేదు.

12:22. ఫోన్ మోగింది.

మోటార్‌సైకిల్ కానిస్టేబుల్ రొప్పుతున్నాడు. పిల్లలు బారులు తీరి కూర్చున్నారట. కీరా చక్రాలు కోసి గంగాళాల్లో పెట్టారట. వడ్డించే గరిటె చేతిలోంచి లాక్కున్నానన్నాడు. ఎవరూ తినలేదు. ఒక్కరు కూడా తినలేదు.

ఆమె నేలమీద కూర్చుండిపోయింది. యజమాని నీళ్ళ గ్లాసు ఇస్తే, అందుకున్న చెయ్యి వణికి సగం నీళ్ళు యూనిఫాం మీద ఒలికాయి. ఈసారి దాచుకోలేదు.

1:15కు ఆసుపత్రినుంచి కబురు వచ్చింది. బాబాయ్ కళ్ళు తెరిచాడు. గండం గడిచినట్టేనన్నారు. మొదటి మాటగా, ఇంకెప్పుడూ కీరా మొహం చూడనని అమ్మాయ్‌కి చెప్పమన్నాడట. ఇన్‌స్పెక్టర్‌ను కూడా వచ్చి పరీక్ష చేయించుకోమన్నాడు డాక్టర్.

1:30. నల్లులమ్మ మూడో హౌస్ వెనక దాచిన మందు డబ్బా చూపించింది. దాన్ని సంచిలో వేసి సీలు చేశారు. ఇక జీపు ఎక్కడమే. జీపు గేటు దగ్గర ఉంది. ఒకటో హౌస్‌లోంచి నడిస్తే రెండు నిమిషాల దారి. కానిస్టేబుల్ ఆ తలుపు తీసి పట్టుకున్నాడు.

నల్లులమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"పద," అంది ఇన్‌స్పెక్టర్.

"ఇటు వద్దు మేడం. మనం మూడులోంచి వచ్చాం."

మాట చాలా మెల్లగా వచ్చింది. అరెస్టయిన మనిషి గొంతు కాదది. లోపల తీగలకు పొట్లాలు వేలాడుతున్నాయి. ఆకుల వెనక కంటికి ఆనని పరుగులు సాగుతూ ఉండి ఉంటాయి.

ఇన్‌స్పెక్టర్ తన బూట్లవైపు చూసుకుంది. తలుపు మూసెయ్యమని కానిస్టేబుల్‌కు సైగ చేసింది. జేబులోంచి భూతద్దం తీసి నల్లులమ్మ చేతిలో పెట్టింది.

ఇద్దరూ ఎండలో, తోట చుట్టూ తిరిగి, గేటుదాకా నడిచారు.